మగ్గం గుంటలో కూర్చున్న విలేకరి

కట్టంగూర్ పద్మశాలి వాడలో, నేతగాడు కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంట పూడ్చారంటే ఆ ఇంట్లో ఇక నేసేవాడు లేడని అర్థం. ఆ పని ఎవరింటి వాళ్లు చాటుగా చేసుకునేది కాదు. వాడంతా వచ్చి నిలబడాలి. కులపెద్ద అందరి ముందూ అడుగుతాడు: "ఈ గుంటల కూసునేటోళ్లు ఎవలన్న ఉన్నరా?" ఎవరూ పలకకపోతే మొదటి పార మట్టి ఆయనే వేస్తాడు. తర్వాత ఆ జాగాలో మంచం వేసుకుంటారు, వడ్ల బస్తాలు పెట్టుకుంటారు, బతుకు నడుస్తుంది. కానీ ఆ ఇంటిని మళ్లీ ఎవరూ నేతిల్లు అనరు.

గంజి వెంకటనర్సు ఇంట్లో గుంట పూడ్చే మాట రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ ఆకాశం సంగతి దానితో ముడిపడింది. ఆయన ఆకాశం గురించి రాసి బతికేవాడు కాబట్టి అందులో వింతేమీ లేదనుకోండి.

ఆ రాత పిచ్చి ఆయనకు ఎట్లా పట్టుకుందో ముందు చెప్పాలి. వెంకటనర్సు నిజాం కాలంలో నల్లగొండలో ఉర్దూ చదువు చదివాడు. భూమి గుండ్రంగా ఉంటుందన్న మాట ఆయన మొదట విన్నది ఉర్దూలోనే. తండ్రి ధర్మయ్యకు ఒక్కగానొక్క కొడుకు. కొడుకును మగ్గం మీద కూర్చోబెట్టాలని ధర్మయ్య చేయని ప్రయత్నం లేదు. కూర్చునేవాడు, నూలు చుట్టిన నాడె అటూ ఇటూ విసిరేవాడు, కళ్లు మాత్రం పక్కనున్న చిరిగిన కాగితం ముక్క మీద ఉండేవి. ఉప్పు పొట్లం కట్టుకొచ్చిన కాగితాన్ని కూడా చదవకుండా పారేసే మనిషి కాదు. పడుగు పోగులు తెగేవి, తండ్రి అతికేవాడు, మళ్లీ తెగేవి. చివరికి ఒకనాడు గుంటలోంచి లేచి, "నాతోని కాదు బాపు" అన్నాడు. ధర్మయ్య తిట్టలేదు, కొట్టలేదు. "సరే" అన్నాడు. తిట్టి ఉంటేనే బాగుండేది. ఆ సరే తర్వాత కొన్నేళ్లపాటు తండ్రీ కొడుకుల మధ్య తిన్నవా, తిన్న అనే మాటలు తప్ప ఇంకేమీ లేవు.

హైదరాబాద్‌లో అచ్చయ్యే ఒక తెలుగు దినపత్రికకు కట్టంగూర్ ఏజెంటూ ఆయనే, విలేకరీ ఆయనే. పొద్దున బస్సు మీద నుంచి పత్రికల కట్ట దించుకుని సైకిల్ మీద ఇంటింటికీ వేసేవాడు. మధ్యాహ్నం అదే రోడ్డు మీద హైదరాబాద్ పోయే బస్సు ఆపి డ్రైవరు చేతిలో వార్తల కవరు పెట్టేవాడు. ఏం వార్తలని? చెరువుకు గండి పడింది, మలుపు దగ్గర లారీ బోల్తా కొట్టింది, అంగడిలో ఎడ్ల ధర పడిపోయింది. అందులోనూ సగం హైదరాబాద్ ఆఫీసులోనే గల్లంతయ్యేవి. "నీ మొగడు ఏం పని చేస్తడే" అని ఎవరన్నా అడిగితే ఆయన భార్య సుభద్రమ్మ, "బస్సులకు చెయ్యెత్తుతడు" అనేది.

యాభై ఏడులో, దసరా మత్తు ఇంకా దిగకముందే, రష్యా వాళ్లు ఆకాశంలోకి ఒక గుండు పంపారన్న మాట రోడ్డు మీది హోటల్ రేడియోలో వచ్చింది. హోటల్లో ఉన్నవాళ్లు చాయ్ తాగి లేచి పోయారు. వెంకటనర్సు మాత్రం లేవలేదు. ఆ తర్వాత వరుసగా తెల్లవారుజామున రోడ్డు మీదికి పోయి మెడ ఎత్తి నిలబడ్డాడు. ఆయన్ను చూసి పాలవాళ్లు నిలబడ్డారు, వాళ్లను చూసి లారీ వాళ్లు నిలబడ్డారు. ఒక పొద్దున నిజంగానే కదలకుండా ఉన్న చుక్కల మధ్యలోంచి ఒక చుక్క నడుచుకుంటూ పోయింది. "అగో, పోతాంది పోతాంది" అని అరిచారు అందరూ. ఆ గుండును పైకి మోసుకుపోయిన రాకెట్టు తొడుగే అట్లా కనిపించిందని ఆయనకు తర్వాత తెలిసింది. ఎవరు ఏమన్నారో, పాలవాడు చెంబు ఎట్లా ఒలకబోసుకున్నాడో అంతా రాసి బస్సు కవర్లో పెట్టాడు. పత్రిక వాళ్లు దాన్ని చుట్టూ గీతతో పెట్టె కట్టి వేశారు. ఉపసంపాదకుడు కృష్ణా జిల్లా ఆయన. "ఇలాంటివి ఇంకా రాయవయ్యా, లారీల బోల్తా ఎవరైనా రాస్తారు" అని కబురు పెట్టాడు. అట్లా ప్రతి ఆదివారం వచ్చే "ఆకాశం కబుర్లు" మొదలైంది.

మరి చదువుకోవడానికి పుస్తకాలేవి? రష్యా వాళ్లూ అమెరికా వాళ్లూ అడిగిన వాడికల్లా కాగితాలు పోస్టులో పంపే రోజులవి. రష్యా వాళ్లు పంపిన దాంట్లో అమెరికా రాకెట్లన్నీ పేలిపోయేవి. అమెరికా వాళ్లు పంపిన దాంట్లో రష్యా అనే దేశమే ఉండేది కాదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని, మధ్యలో ఏది నిలబడితే అది రాసేవాడు వెంకటనర్సు. ఒకసారి హైదరాబాద్ పోయి బేగంపేటలో పెద్ద దుర్బిణిలోంచి శనిగ్రహాన్ని చూసి వచ్చాడు. ఆనందం పట్టలేక ఇంటికి రాగానే తండ్రి ముందు కూర్చుని, శని చుట్టూ వలయం ఉంటుందని చెప్పాడు. ధర్మయ్య నాడె ఆపకుండానే, "శనికి గాజులు తొడిగిండ్రా? మంచిగున్నది" అన్నాడు. అంతే. కొడుకు రాసినది చదివించుకుని విననేలేదు ఆ తండ్రి. వెంకటనర్సుకు అది ముల్లులా గుచ్చుకునేది. ఊరంతా చదివినా సరే, ఆ ఒక్క మనిషి వినలేదన్న బాధ పోయేది కాదు.

అరవై రెండులో అష్టగ్రహ కూటమి వచ్చింది. ఎనిమిది గ్రహాలు మకరరాశిలో చేరుతున్నాయి, ప్రళయం తప్పదని దేశమంతా గగ్గోలు. యాదగిరిగుట్టకు పోయే బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. ఊరూరా హోమాలు, భజనలు. వెంకటనర్సు రాశాడు: రోడ్డు కొసకు నిలబడి చూడండి, టెలిగ్రాఫు స్తంభాలన్నీ ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కినట్టు కనిపిస్తాయి, నడిచి పోయి చూడండి, ఎక్కడివక్కడే ఉంటాయి, గ్రహాల కూటమీ ఇంతే, ఏమీ కాదు. బాగానే రాశాడు. కానీ పత్రిక వాళ్లు ఆ వ్యాసం కిందనే శాంతి హోమం ప్రకటన వేశారు, పక్కన భూమి బద్దలవుతుందన్న ఒక జ్యోతిష్కుడి మాట పెద్దక్షరాలతో వేశారు. అది ఊరంతా వేసింది ఈయన సైకిలే.

కులపెద్ద ఐలేశం ఆ కాగితం మడతపెట్టి పట్టుకుని ఇంటికే వచ్చాడు. "భూమి నెర్రె వడ్తదని నీ కాయితమే చెప్తాంది గదరా. నువ్వే అమ్మితివి, నువ్వే కాదంటివి. ఏది నమ్మాలె?"

"నేను రాసింది నమ్మాలె పెద్దబాపు."

"నువ్వు రాసింది సన్నక్షరాలల్ల ఉన్నది" అన్నాడు ఐలేశం.

ఇంతలో కోస్గి అంగడికి పోయి వచ్చిన బట్టల బేరగాడు ఒకడు ఇంకో మాట మోసుకొచ్చాడు. భూమి ముందుగా నోరు తెరిచేది మనుషులు తవ్విన చోటేనట. రైతులు ఆ మాట విని బావుల వైపు చూశారు. పద్మశాలి వాడలో మాత్రం గుండెలు జారిపోయాయి. ప్రతి ఇంట్లో, పొయ్యికి నాలుగడుగుల దూరంలో, తవ్విన గుంట ఉంది మరి! కాళ్లు అందులో పెట్టి కూర్చునే వాళ్లే ముందు పోతారన్నారు. మగ్గాలు ఆగిపోయాయి. కొందరు గుంటల మీద పలకలు పరిచి పసుపు చల్లారు. పూడ్చేస్తే పీడ పోతుంది, బతికుంటే మళ్లీ తవ్వుకోవచ్చని ఐలేశం తీర్మానం చెప్పాడు.

వెంకటనర్సు తల్లి ఉప్పలమ్మ ఆ మాటకు గట్టిగా తగులుకుంది. "పూడ్వుండ్రి. ఇంట్ల గోతిని పెట్టుకొని నాకు ముద్ద దిగుతలేదు" అని పార తెచ్చి గోడకు ఆనించింది.

ధర్మయ్య దర్వాజ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయనకు మోకాళ్లు అప్పటికే దెబ్బతిన్నాయి. "నీకేం, పూడ్వమంటవ్. మళ్ల తవ్వే సత్తువ నాకు లేదు" అన్నాడు. కొంచెం ఆగి, కొడుకు వైపు చూడకుండా, "తవ్వినా అండ్ల కూసునేదెవడు" అన్నాడు.

ఆ మాట వెంకటనర్సుకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. గుంట పూడితే తండ్రి మళ్లీ నేయడు. నేత లేకపోతే ధర్మయ్య ఎట్లా ఉంటాడో కొడుకు ఊహించుకోలేకపోయాడు. పైగా తాను రాసిన దాన్ని తన ఇల్లే నమ్మకపోతే ఊరికి చెప్పే ముఖమేది? "నేను కూసుంట. అష్టగ్రహం పొయ్యేదాంక గుంటల నేనే కూసోని నేస్త. జర నన్ను చూడుండ్రి. ఏమన్న అయితే పూడ్వుండ్రి" అనేశాడు.

"నువ్వా!" అన్నారు తల్లీ, తండ్రీ, ఐలేశం ఒక్కసారే. లోపలి నుంచి సుభద్రమ్మ కూడా.

కూటమి రోజు రానే వచ్చింది. వెంకటనర్సు పొద్దున్నే స్నానం చేసి గుంటలోకి కాళ్లు దించాడు. వాడంతా వాకిట్లో చేరింది. దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. భూమి తెరుచుకుంటే ఎంత దూరం తెరుచుకుంటుందో ఎవరికి తెలుసు? మగ్గం మీద ధర్మయ్య సగం నేసిన చీర ఉంది. ఏళ్ల తర్వాత నాడె పట్టిన చేతులు అవి. అంచు ఒకచోట బిగిసింది, ఒకచోట వదులైంది. వెనక నిలబడ్డ ధర్మయ్య దాన్ని చూస్తూ ప్రళయం సంగతి సగం మర్చిపోయాడు. "అబ్బబ్బ, ఏం నేత, ఏం నేత" అని గొణుక్కున్నాడు.

మధ్యాహ్నం దాకా ఏమీ కాలేదు. జనం కొంచెం తేరుకున్నారు. ఎవరో అటుకులు పంచారు. "ఏమైతలే గదనే" అన్న మాట కూడా వినపడింది.

అప్పుడు పేలింది. ఊరవతల గుట్ట మీద రోడ్డు కంకర కోసం రాయి పగలగొడుతున్నారు. ఆ కంట్రాక్టరుకు పని గడువు ఉంది గానీ అష్టగ్రహం లేదు. మందు కొంచెం ఎక్కువే కూరినట్టున్నారు. నేల జల్లుమంది, కప్పు మీది పెంకు ఒకటి జారి వాకిట్లో పడింది. "నర్సింహస్వామీ!" అని అందరూ ఒక్క పెట్టున అరిచారు. దుమ్ము తగ్గాక చూస్తే గుంట ఖాళీగా ఉంది. విలేకరి గారు వాకిలి దాటి వేపచెట్టు కింద ఉన్నారు. మోకాలు దోక్కుపోయి రక్తం కారుతోంది, చేతిలో నాడె అట్లాగే ఉంది. ఎట్లా లేచాడో, ఎట్లా దూకాడో ఆయనకే తెలియదు.

గుట్ట మీద పొగ చూడగానే సంగతి అందరికీ అర్థమైంది. అర్థమయ్యాక నవ్వు మొదలైంది. ఐలేశం ఆ నవ్వులోనే, "ఓరి నీ, అందరికన్న ముందు దుంకింది నువ్వే గదరా! ఏం గాదని రాసినోనికే ధీమా లేకపాయె, ఇగ మాకేం చెప్తవ్?" అన్నాడు. నవ్వు ఆగిపోయింది. ఆ మాటతో అందరికీ మళ్లీ భయం పట్టుకుంది. ఉప్పలమ్మ గోడకు ఆనించిన పార అందుకుంది. ఏమన్నా అయితే పూడ్వమన్నది ఈయనే గదా.

వెంకటనర్సుకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. పేలింది రాయి, దీనికీ గ్రహాలకూ సంబంధం లేదని వాదించవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ తండ్రి తన వైపే చూస్తున్నాడు. "భయమైంది" అన్నాడు వెంకటనర్సు. "అబద్ధమెందుకు పెద్దబాపు. ఏం గాదని నాకు ఎరికే. ఎరికున్నా భయమైంది, దుంకిన. మళ్ల పోయి కూసుంట."

గుంట వైపు నడిచాడు. కానీ ఆయన కంటే ముందు ధర్మయ్య నడిచాడు. ఉప్పలమ్మ చేతిలోంచి పార తీసుకుని పక్కన పడేశాడు. మగ్గం కర్ర పట్టుకుని, మోకాళ్లు నొప్పితో మూలుగుతుండగా, మెల్లగా గుంటలోకి దిగాడు. పెదవులు వణుకుతున్నాయి, లోపల స్వామిని తలుచుకుంటూనే ఉన్నాడు. దిగి కూర్చుని చెయ్యి చాపాడు: "నాడె ఇటియ్యి. నువ్వు నేసింది నేతేనా? చీరంత ఖరాబు చేసినవ్."

కూటమి దాటేదాకా ధర్మయ్య నేశాడు. కొడుకు గుంట గట్టు మీద తండ్రి పక్కనే కూర్చున్నాడు. భూమి ఎక్కడిదక్కడే ఉంది. హోమాలు చేసినందుకే గండం తప్పిందని ఊరంతా సంబరపడింది. పోనీలే అనుకున్నాడు వెంకటనర్సు. గుంట మిగిలింది, అంతకన్నా ఏం కావాలి? తాను నేసిన వంకర ముక్కను తండ్రి ఊడదీయకపోవడం ఆయన చూశాడు. ధర్మయ్య దాన్ని చీరలోంచి కత్తిరించి, అంచు కుట్టించి, తువ్వాలుగా భుజాన వేసుకున్నాడు.

ఆ వారం "ఆకాశం కబుర్లు"లో వెంకటనర్సు జరిగింది జరిగినట్టు రాశాడు. తాను దూకిన సంగతి మొదటి వాక్యంలోనే పెట్టాడు. ఉపసంపాదకుడు తల పట్టుకుని మనిషిని హైదరాబాద్ పిలిపించాడు. "ఏమయ్యా, సైన్సు రాసేవాడు హడలిపోయానని రాసుకుంటాడా? పరువు పోదూ?"

"దుంకింది నేనే సార్. నేను రాయకుంటే ఊరోళ్లు రాస్తరు, ఇంకో రెండు గజాలు ఎక్కువ దుంకిపిస్తరు."

ఉపసంపాదకుడు నవ్వి వేసేశాడు. అది అచ్చయిన ఆదివారం ఐలేశం హోటల్లో దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. అదే సాయంత్రం ధర్మయ్య మొదటిసారి, "నర్సూ, నీ కాయితం తీసుకరా, జర సదువు" అన్నాడు. చదివాడు. తండ్రి వింటూ నేశాడు. అంతా అయ్యాక, "ఇన్నేండ్లు నువ్వు అన్నీ తెల్సినోని లెక్క చెప్తివి, నాకు నమ్మబుద్ధి కాలె. భయమైందన్నవ్ సూడు, గప్పుడు నమ్మిన" అన్నాడు. వెంకటనర్సు కాగితం అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం నేతకు ఆ చదువు తోడైంది. చంద్రుడి వెనక భాగం, వాన ఎట్లా పడుతుంది, కేరళ తీరం నుంచి మనవాళ్లు వదిలిన మొదటి రాకెట్టు, అన్నీ ధర్మయ్య మగ్గం ముందు చదివినవే. తండ్రికి అర్థం కాని వాక్యం కొట్టేసి మళ్లీ రాసేవాడు. హైదరాబాద్ ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారు. పోలేదు.

అరవై తొమ్మిది ఎండాకాలంలో ధర్మయ్య పోయాడు. జ్వరమని పడుకున్న మనిషి లేవలేదు. పెద్దకర్మ నాడు వాడంతా వచ్చింది. ఐలేశం కూడా ముసలివాడయ్యాడు. పార పట్టుకుని గుంట దగ్గర నిలబడి, ఆనవాయితీ ప్రకారం అడిగాడు: "ఈ గుంటల కూసునేటోళ్లు ఎవలన్న ఉన్నరా?"

వెంకటనర్సు కూర్చుని నేస్తానని చెప్పలేడు. ఆ చేతులకు నేత రాదని అక్కడున్న అందరికీ తెలుసు. అబద్ధం చెప్పి గుంటను కాపాడితే, ఆ గుంటలో దిగిన తండ్రి ముఖం ఎట్లా తలుచుకుంటాడు? తల దించుకుని నిలబడ్డాడు. ఐలేశం పారతో మట్టి ఎత్తాడు.

"ఆగు బావా" అంది ఉప్పలమ్మ. గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి లేచి వచ్చింది. భుజం మీద ఆ వంకర తువ్వాలు ఉంది. "గప్పుడు నేనే పూడ్వమన్న. భయం నాది. ఆయనకు భయం లేకనా? వణుక్కుంట దిగిండు, నేను సూడలేదా? గా మనిషి దిగిన జాగను నేను పూడ్వనియ్య. నా కొడుకు అండ్లనే కూసుంటడు. కూసోని రాస్తడు. నేత రాదు వానికి, రాసుడు వస్తది. పని పనే గదా?"

ఐలేశం వెంకటనర్సు వంక చూశాడు, అతని తల్లి వంక చూశాడు. వాడలో ఇట్లాంటిది ఎన్నడూ జరగలేదు. "పనే" అన్నాడు చివరికి. ఎత్తిన మట్టి బయటే పోశాడు.

మగ్గం కర్రల మీద ఒక పలక వేయించుకుని, వెంకటనర్సు ఆ రోజు నుంచి గుంటలో కాళ్లు దించి కూర్చుని రాశాడు. ఆ జూలైలో, చంద్రుడి మీద మనిషి దిగిన పొద్దున, పలక మీద రేడియో పెట్టుకుని ఇంగ్లీషు వింటూ అక్కడే ఉన్నాడు. పక్కన ఉప్పలమ్మ, ఆమె వెనక సుభద్రమ్మ, వాకిట్లో వాడ జనం. ఎండ అప్పుడే లోపలికి వస్తోంది.

"ఏమంటాండ్రు?" అంది ఉప్పలమ్మ.

"నిచ్చెన దిగుతాండు అమ్మా."

"కాలు ఆనిందా?"

"ఆనింది."

"నేల దిగవడ్డదా?"

"లేదే. గట్టిగనే ఉన్నదట."

ఉప్పలమ్మ ఊపిరి వదిలింది. కాసేపు గుంటలో ఉన్న కొడుకు కాళ్ల వైపు చూసింది. "భయమైందని చెప్పిండ్రా వాళ్లు?"

"చెప్పలేదమ్మా. గసొంటియి చెప్పరు."

"చెప్పకపోతేంది. భయమయ్యే ఉంటది. నువ్వు రాయి" అంది ఉప్పలమ్మ. "భయమైంది, అయినా దిగిండ్రని రాయి. మీ బాపు లెక్క."

వెంకటనర్సు ఆ మాటనే మొదటి వాక్యంగా రాసి, కవరు అంటించి, మధ్యాహ్నం బస్సుకు చెయ్యెత్తడానికి రోడ్డు మీదికి పోయాడు.